చామంతి ఎటు పోయింది?

మా కోనలో ధారలు చాలా ఉన్నాయి. నిజం చెప్పాలంటే అన్నీ చిన్నవే. తలకోన చూసి వచ్చినవాళ్లు మా ధారల్ని చూసి "ఇదేనా?" అంటారు. అలా అన్నవాళ్లను నేను ఊరికే వదలను. మొదటి మలుపులో ఉన్న సన్న ధార దగ్గర ఆపి, "ఒక ఎండాకాలం ఇది ఎంత సన్నబడిందంటే, తువ్వాలులా మడిచి భుజాన వేసుకొని ఇంటికి తీసుకుపోయాను. వానలు పడ్డాక తెచ్చి మళ్లీ ఇక్కడే తగిలించాను" అని చెబుతాను. నవ్వినవాళ్లు నాతో పైకి వస్తారు. నవ్వనివాళ్లు ఫోటో తీసుకొని వెనక్కి పోతారు. ఎవరితోనూ నాకు పేచీ లేదు.

నా పేరు గంగాధరం. పుత్తూరు దాటి, నారాయణవనం దాటి కొండల్లోకి తిరిగే మట్టిదారి చివర మా పల్లె ఉంది. సేద్యం కొడుకు చూసుకుంటాడు. ఆదివారం వస్తే కోనకు వచ్చేవాళ్ల వెంట నడవడం నా పని. ఎవరూ పిలవరు. నేనే నడుస్తాను.

కోన నడిమధ్యలో జంట ధార ఉంది. పైనుంచి వచ్చే వంక ఒక నల్లటి బండకు కొట్టుకొని రెండుగా చీలి, ఒకటిన్నర నిలువు ఎత్తు నుంచి రెండు గుండాల్లోకి పడుతుంది. ఒక పాయ లావు, ఒక పాయ సన్నం. లావుదానికి కోడలు ధార అనీ, సన్నదానికి అత్త ధార అనీ పేరు పెట్టింది నేనే. పేరు పెట్టాక కథ ఉండాలి కదా. పూర్వం ఒక అత్తా కోడలూ ఇక్కడికి నీళ్లకు వచ్చి, కడవ ముందు ఎవరు ముంచాలని పోట్లాడుకుంటుంటే, పక్కనే తపస్సు చేసుకుంటున్న మునికి చిర్రెత్తి, వంకనే రెండుగా చీల్చి చెరొకటి ఇచ్చాడు. అప్పటినుంచి మనసులో ఏదైనా అడిగి పైన పువ్వు వదిలితే, అది కోడలు ధారలో పడితే ఔను, అత్త ధారలో పడితే కాదు. ఏది అడిగినా కాదనేది అత్తే కదా మరి.

ఇందులో నా తెలివి ఒకటుంది. నీళ్లలో ముప్పాతిక భాగం కోడలు ధారలోకే పోతుంది. కాబట్టి ఎవరు ఏ పువ్వు వదిలినా అటే పడుతుంది. అందరికీ ఔనే. కోన చూడవచ్చినవాళ్లు సంతోషంగా ఇళ్లకు పోవాలి గానీ, మొహాలు వేలాడేసుకొని పోతే నాకేం వస్తుంది?

మొన్న కార్తీకంలో, వానలు వెలిసిన ఒక ఆదివారం, ఒక ఆటో ఎగిరెగిరి పడుతూ మా మట్టిదారి చివరకు వచ్చి ఆగింది. అద్దం మీద స్వామి పటం, పటానికి ఆ పొద్దున వేసిన బంతిపూల దండ. నడిపేవాడు కాకుండా ఇద్దరు ఆడవాళ్లు దిగారు. పెద్దావిడ చేతిలో వెదురుబుట్ట. బుట్ట నిండా పసుప్పచ్చ చామంతులు.

"పెద్దాయనా, పువ్వు అడిగే ధార ఈడ యాడుండాది?" అని ఆమె నన్నే అడిగింది.

పువ్వు అడగడమంటే మా వైపు తెలియనివాళ్లుండరు. పెళ్లి సంబంధమైనా, బోరు వేయించడమైనా, దేవుడి మీద పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకొని కూర్చుంటారు. కుడివైపు రాలితే చేస్తారు, ఎడమవైపు రాలితే మానేస్తారు. కానీ ధారను అడగడమనేది లోకంలో నా కథలో తప్ప మరెక్కడా లేదు.

"నీకెవరు చెప్పినారమ్మా?" అన్నాను.

"తిరుచానూరులో అందరికీ తెలుసు. మాకు గుడి కాడ పూలంగడి ఉండాది. నా పేరు నిర్మలమ్మ. ఆటో తోలే వీడు నా కొడుకు అమర్‌నాథ్. ఇది నా కోడలు ప్రశాంతి." ఆగి, గొంతు తగ్గించింది. "ఈ ధార మర్మం కనిపెట్టిన ముసలాయన మహానుభావుడంట. పొయ్యి నలభై ఏండ్లయిందంట గదన్నా."

నేను ఒకసారి నా చేయి తడుముకొని చూసుకున్నాను.

"అవునమ్మా. మంచోడు. నాకు బాగా తెలుసు."

"పొయ్యేటప్పుడు శానా బాధపడినాడా?"

"ల్యాదమ్మా. పొయ్యినట్టు ఆయనకే తెలీదు."

నిర్మలమ్మ కళ్లు మూసుకొని చేతులు జోడించింది. నా కోసం ఎవరైనా దణ్ణం పెట్టడం అదే మొదటిసారి. బాగానే ఉందనిపించింది.

నలుగురం వంక పక్కన నడక మొదలుపెట్టాం. నిర్మలమ్మది ఊరుకునే స్వభావం కాదు. ప్రతి చెట్టు పేరూ అడిగింది. ప్రతి గుండంలోకీ వంగి చూసింది. చేపలున్నాయా అంటే, ఉన్నాయనీ, అందులో ఒకటి మరీ ముసలిదై కళ్లు కనపడక, రెండు పిల్లచేపల మీద చేతులు వేసి నడుస్తుందనీ చెప్పాను.

"చేపకి చేతులు యాడివి తాతా?" అంది ప్రశాంతి. అంతవరకూ ఆ పిల్ల నోరు తెరవలేదు.

"ముసలితనంలో వస్తాయి పాపా. నాకు పళ్లు పొయినట్టు."

ప్రశాంతి నవ్వింది. నవ్వి, వెంటనే ఫోనులో టైము చూసుకుంది. పిల్లకు ఏదో తొందర ఉందని అర్థమైంది.

"ఏం అడగాలని వచ్చినారమ్మా?" అన్నాను నిర్మలమ్మతో.

"దీన్ని నాయుడుపేట కంపెనీకి పంపించాల్నా, వద్దా అని."

ఆ మాటకు ప్రశాంతి నడక నెమ్మదించింది. "ఫోన్లు బిగించే పని తాతా. పరీక్ష రాసి పాసయినాను. కంపెనీ బస్సు మా బైపాసు కాడికే వస్తాది. రేపు పొద్దన్నే చేరాల. చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటారంట."

"మల్ల ఇంతదాకా ఏం చేస్తా ఉండారు?"

"ఇంట్లో అడిగినానన్నా," అంది నిర్మలమ్మ. "అమ్మవారి పటం మీద పెడితే ఆ పువ్వు కుడికీ పడలే, ఎడమకీ పడలే. ఆడనే ఎండిపొయ్యింది."

"పటం మీద చందనం అంత మందాన పూస్తే పువ్వెట్ల పడతాదిమ్మా? అతుక్కునేసింది," అన్నాడు అమర్‌నాథ్.

"నువ్వు నోరు ముయ్యి. పంపించాల్నా రా అని అడిగితే ఏమంటివి? నీ ఇష్టమమ్మా అంటివి."

"మల్ల నీ ఇష్టమే గదమ్మా."

"నన్ను కూడా అంతే అన్నాడు తాతా," అంది ప్రశాంతి. "నీ ఇష్టం, అమ్మ ఇష్టం అన్నాడు. ఆయన ఇష్టం ఏందో ఆయనకే తెలీదు."

అమర్‌నాథ్ ఒక రాయి తీసి వంకలోకి విసిరాడు. ముప్పై ఏళ్లవాడు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, ఆ ఇద్దరి మధ్య మాత్రం సందులో ఇరుక్కున్న ఆటోలా ఉన్నాడు.

నాకు బెంగేమీ లేదు. కోడలు ధార ఉండగా ఈ పిల్లకు ఔను కాక ఇంకేం వస్తుంది? ఉషారుగా అన్నాను: "దిగులు పడొద్దు పాపా. కోడలు ధారలో పడితే..."

"కాదు," అంది నిర్మలమ్మ.

"కాదంటే?"

"కోడలు ధారలో పడితే కాదని. అత్త ధారలో పడితే ఔనని. ఈడ ఉండేటోడివి, నీకు తెలీదా?"

నాకు కాలు జారినంత పనైంది. "తిరగబడింది గదమ్మా!"

"ఏంది తిరగబడేది? మా అంగళ్ల వరసలో అందరం అట్లనే చెప్పుకుంటాం."

"ఆ అందరూ ఎవరమ్మా?"

"పూలమ్మేవాళ్లు."

"అంతా అత్తలేనా?"

"ఆఁ, అత్తలే. ఏం?"

ఇక అర్థమైంది. నా కథ ఏ భక్తురాలి నోటో తిరుచానూరు చేరింది. అక్కడ అత్తలంతా కలిసి కూర్చొని మాలలు కడుతూ కడుతూ కథలోని ముడిని కూడా విప్పి తమకు నచ్చినట్టు కట్టేశారు. అందరికీ ఔననే ధార కాస్తా అందరికీ కాదనే ధార అయిపోయింది. సరిదిద్దుదామంటే, కథ చెప్పినవాడు చనిపోయి నలభై ఏళ్లు. బతికున్నవాణ్ణి నేనొక్కణ్ణే, నా మాట ఎవరు వింటారు?

అయినా ప్రయత్నించాను. దారి మళ్లించి తుమ్ముల దోన చూపించాను. అక్కడ రాతి సందులోంచి తుంపర మొహం మీద కొడుతుంది. తుమ్మనివాడు లేడని చెబితే, నిర్మలమ్మ నిలబడి చాలాసేపు చూసింది, తుమ్మలేదు. ఆడవాళ్లు మధ్యాహ్నం పువ్వు అడగకూడదన్నాను. తిరుచానూరులో అలా చెప్పలేదంది. పువ్వును కోడలి చేతే వదిలించాలన్నాను. "ఆ ముసలాయన అట్ల చెప్పలేదంట," అంది. నా మాటకు నా మాటే అడ్డం వచ్చింది.

పోతూ పోతూ ఆమె ఒక మాట అడిగింది. "ఈ నీళ్లన్నీ యాడికి పోతాయన్నా?"

"అరుణానదికి."

"అన్నీనా?"

"అన్నీ. ఇంకెక్కడికి పోతాయమ్మా?" అన్నాను. ఈ కోనలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

జంట ధార పైకి ఎక్కాం. నీళ్లు బండకు తగిలి తెల్లగా విడిపోతున్నాయి. ఒకవైపు కోడలు ధార హోరుమంటోంది. రెండోవైపు అత్త ధార పళ్లు కొరుకుతున్నట్టు సన్నగా జారుతోంది. ప్రశాంతి ఆ రెండింటినీ చూసింది. ఎటు పడుతుందో చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. పిల్ల మొహం వాడిపోయింది. ఫోను చెంగులో చుట్టి దోపేసుకుంది.

నిర్మలమ్మ బుట్టలోంచి వెతికి వెతికి ఒక చామంతి తీసింది. మోకాలిలోతు నీళ్లలో నిలబడి, కళ్లకద్దుకొని వదిలింది. పువ్వు గిర్రున తిరుగుతూ పోయింది. బండ దగ్గర కోడలు వైపు లాగింది. అంతా అయిపోయిందనుకున్నాను. అంతలో నురగలో ఒక్క బుడుంగు. పువ్వు లేదు.

"యాడికి పోయిందప్పా?"

నలుగురం వంగి చూశాం. రెండు ధారల మీదా లేదు. కింది గుండాల్లోనూ పసుపు కనపడలేదు.

"వస్తాది, వస్తాది," అన్నాను. రాలేదు.

అప్పటినుంచి మా తొక్కులాట చూడాలి. నిర్మలమ్మ చీర ఎగ్గట్టి కిందికి దిగి గుండాల అంచుల్లో ఆకులన్నీ కదిలించింది. నేను కర్రతో నురగను పొడిచాను. అమర్‌నాథ్ బండ కింద చేయి పెట్టి, "ఈడ నీళ్లు లోపలికి లాగతా ఉండాయి," అన్నాడు. నేనూ చేయి పెట్టాను. నిజమే. చెయ్యి పట్టి ఎవరో పిలుస్తున్నట్టు లాగుతోంది. డెబ్బై ఏళ్లకు పైగా ఆ బండ మీద కూర్చున్నాను, దాని కింద నోరుందని తెలియదు. మిగతా సంగతి ఏమో గాని, ఆ లోపలికి పోయిన నీళ్లు ఎటు పోతాయన్నది నా తలలో పురుగులా దూరింది.

"నేను ఆటో కాడికి పొయ్యి నీళ్ల బాటిల్ తెస్తా," అన్నాడు అమర్‌నాథ్.

"ఇన్ని నీళ్లు పెట్టుకొని బాటిల్ ఏందిరా?" అంది వాళ్లమ్మ. వాడు అప్పటికే దిగిపోయాడు.

ప్రశాంతి పైనే ఉండిపోయింది, బుట్టకు కాపలాగా. కాసేపటికి ఆ బుట్టను కిందికి తేవడానికి నేనే పైకి వెళ్లాను. తెస్తూ తెస్తూ ఒక చామంతి నా చేతికి అంటుకుంది. అంటుకున్నదాన్ని వదిలించుకోవాలి కదా. అత్త గుండం పక్క పొద చాటున వదిలించుకున్నాను. నలభై ఏళ్ల కిందట చనిపోయినవాడిగా ఆ మాత్రం అధికారం నాకుంటుందని అనుకున్నాను.

"వచ్చెరా సామీ!" అని నిర్మలమ్మ కేక పెట్టింది.

అత్త గుండంలో చామంతి తేలుతోంది. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుంది. "అత్త ధారే! సూడే ప్రశాంతీ, అత్త ధారలో వచ్చింది!"

ప్రశాంతి పరుగున దిగివచ్చింది. మొహం వెలిగిపోతోంది. నేనూ గర్వంగా మీసం దువ్వుకోబోతున్నాను. అప్పుడు నా పొద చాటునుంచి నా చామంతి మెల్లగా, పెళ్లికూతురిలా బయటికి వచ్చింది.

అంటే మొదటిది నాది కాదు.

నేను ప్రశాంతి వైపు చూశాను. ప్రశాంతి నా వైపు చూసింది. ఇద్దరం కొండ వైపు చూశాం.

నిర్మలమ్మ రెండో పువ్వును కూడా తీసింది. ఆ చేతిలో ఒకటి, ఈ చేతిలో ఒకటి. "నేను వదిలింది ఒకటే గదా," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

ఆమె అలా అంటుండగానే పైనుంచి అత్త ధారలో మూడోది జారి, టప్పుమని ఆమె ముందే పడింది. లావుగా, కాషాయం రంగులో, తొడిమకు ఇంకా తెల్లదారం ముక్క వేలాడుతూ.

బంతిపువ్వు.

"అన్నా, ఇదేంది?" అంది నిర్మలమ్మ నాతో.

నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఈ కోనలో అట్లనే ఉంటాదమ్మా. కార్తీకంలో పూలు నీళ్లలో పిల్లలు పెడతాయి."

"పెడితే చామంతి చామంతినే పెడతాది. బంతి యాడనుంచి వచ్చె?"

ఆమె అడిగింది నన్నే గానీ, చూపు పైకి పోయింది. ధార పైన, చెట్టు చాటున, చేతిలో బాటిల్ లేకుండా అమర్‌నాథ్ నిలబడి ఉన్నాడు.

"దిగు రా," అంది.

దిగాడు.

"ఇది ఆటో దండలోది గదా?"

వాడు చేతికి అంటిన రేకులు దులుపుకున్నాడు.

"నా కడుపున పుట్టి, పూలబుట్టలో పండుకొని పెరిగినావు. నేను వదిలింది చామంతి. నువ్వు వేసింది బంతి. రెండూ ఒకటేనారా నీకు?"

"రెండూ పచ్చగానే ఉండాయి గదమ్మా," అన్నాడు వాడు.

ప్రశాంతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "నువ్వు వేసినావా?" అంది మొగుడితో. "నువ్వా?"

"నేనే. దండ తెంపి తెచ్చినా."

"మల్ల ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పితే ఏమయితాది? పంపిద్దామంటే పెండ్లాం మాట విన్నాడని అమ్మ అంటాది. అమ్మ అనకపోయినా అంగళ్ల వరసంతా అంటాది. అందుకే..." వాడు నీళ్లలోకి చూశాడు. "పువ్వే చెప్తే సరిపోతాది గదా అని."

నిర్మలమ్మ మూడు పూలనూ చేతిలోకి తీసుకుంది. బండ మీద కూర్చుని వాటిని ఒళ్లో పెట్టుకుంది. "నీకు ఇష్టం లేదనే గదరా నేను ఇన్నాళ్లు నానబెట్టింది. పొద్దన్నే ఇది బస్సెక్కిపోతే నువ్వు ఇంటికొచ్చి ఖాళీ కుండ చూసి మొగం మాడ్చుకుంటావని. నిన్ను అడిగితే నోరు తెరవవు. మల్ల నేను పటాన్ని అడక్క, ధారను అడక్క, ఎవురిని అడగాల?"

"నేనేం మాడ్చుకోను. సంగటి నేనే కెలుక్కుంటా."

"చామంతి తెలియనోడికి సంగటి తెలుస్తాదా!"

అప్పుడు మొదట నవ్వింది ప్రశాంతే. తర్వాత నిర్మలమ్మ. ఆ నవ్వు రెండు కొండలకూ తగిలి తిరిగి వచ్చింది. అమర్‌నాథ్ కూడా తల గోక్కుంటూ నవ్వాడు.

"అత్తా, పువ్వు నేనూ ఒకటి వేసినాను," అంది ప్రశాంతి ఆమె పక్కన కూర్చుంటూ. "తప్పయిపోయింది."

"తెలుసులే. ఇంకొకటి ఎవరు వేసినారో నేను అడగను," అని నిర్మలమ్మ నా వైపు ఒక చూపు చూసింది. నేను కొండ మీద కోతిని లెక్కపెడుతున్నట్టు నటించాను. అక్కడ కోతి లేదు.

"నిజం పువ్వు దొరకలేదు గదమ్మా," అన్నాను. "మల్ల ఎట్ల?"

"అది దొరికేదాకా కూర్చుంటే రేపటి బస్సు పోతాది." లేచి చీర దులుపుకుంది. "పో మే ప్రశాంతీ, చేరు. ఆదివారం మాత్రం అంగట్లో నా పక్కన కూర్చోవాల. వీణ్ణి కూడా కూర్చోబెట్టుకొని ఏది బంతి, ఏది చామంతి అని నేర్పించాల."

పోయేముందు ఆమె మూడు పూలనూ కోడలి తలలో పెట్టింది. బంతిపువ్వు తలలో ఎవరూ పెట్టుకోరు. ప్రశాంతి పెట్టుకుంది. ఆటో కదిలేటప్పుడు నిర్మలమ్మ తల బయటపెట్టి, "అన్నా, ఆ పువ్వు కనపడితే చెప్పు. యాడికి పోయిందో నాకు తెలియాల!" అని అరిచింది.

నాకూ తెలియాలి. మరునాడు పొద్దున్నే, ప్రశాంతి ఎక్కిన బస్సు కాళహస్తి దాటే వేళకు, నేను వంక వెంట గుండం గుండం వెతుక్కుంటూ అరుణానది దారి పట్టాను. ఆకులున్నాయి, ఎవరో పారేసిన చెప్పు ఉంది, చామంతి లేదు. విసుగుపుట్టి కొండ చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి ఇంటికి వస్తున్నాను. అటు వంక లేదు. రాళ్లు, బోదగడ్డి, ఒక చిన్న ఊట తప్ప ఏమీ లేవు. ఆ ఊట దగ్గర మా పల్లె చెంగమ్మ మేకలకు నీళ్లు పెడుతోంది. నాకు మరదలి వరస.

"బావా, ఎవురో నా ఊటలో పూలు పారేస్తా ఉండారు," అని రుసరుసలాడింది. "సూడు!"

ఆమె అరచేతిలో చామంతి. రేకులు సగం రాలి, అంచులు రాయికి గీరుకొని ఉన్నాయి. కానీ పసుపు పసుపే.

ఊటలో చేయి పెట్టాను. జంట ధార బండ కింద తగిలిన చలే ఇక్కడా తగిలింది. కొండను ఆ పక్క నుంచి ఈ పక్కకు, రాయి లోపల్నుంచి దాటి వచ్చింది పువ్వు! అన్నీ అరుణానదికే పోతాయని ఆ తల్లికి ఎంత ధీమాగా చెప్పాను!

ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క కలపకుండా చెంగమ్మకు చెప్పాను. పూలంగడి, బస్సు, బండ కింద నోరు, అన్నీ. చెప్పేసరికి నాకే ఆయాసం వచ్చింది.

"పో బావా, నీ కతలు నువ్వూ," అంది చెంగమ్మ. "కొండ లోపల పువ్వు నడిచి వచ్చిందంట! మేకలు కూడా నమ్మవు."

"నిజం చెంగమ్మా, ఒట్టు."

"తువ్వాలు మాదిరి ధారను మడిచింది కూడా నిజమేలే."

నిలబడి ఆలోచించాను. ఆమె మేకలను తోలుకొని పోబోతోంది. చేసేదేముంది?

"అది కాదు చెంగమ్మా," అన్నాను, గొంతు తగ్గించి. "వంకను చీల్చిన ముని ఉండాడు సూడు. అత్తకొకటి, కోడలికొకటి ఇచ్చినంక, మూడో పాయను ఈ కొండ లోపలికి తోసి పెట్టినాడు. కొడుకుది అది. పైకి కనపడదు, చప్పుడు చెయ్యదు. యాడనో ఒక చోట బయటపడతాది."

చెంగమ్మ ఆగింది. ఊటను చూసింది, కొండను చూసింది. చెప్పులు విడిచి, పువ్వును కళ్లకద్దుకొని కొప్పులో పెట్టుకుంది.

"అట్ల చెప్పు మల్ల," అంది.